ఆరు చింతపిక్కలు

శనివారం రాత్రి తొమ్మిదింటికి మా హాస్టల్ మూడో అంతస్తు చివరి రూములో అయిదుగురం చాప వేసుకుని కూర్చుంటాం. మధ్యలో పాచికలు, పెన్సిళ్లు, ఒక స్టీలు డబ్బా, బోలెడు చింతపిక్కలు. వార్డెన్ మేడమ్ ఒకసారి తొంగిచూసి "ఏంటమ్మా, అష్టాచెమ్మానా?" అన్నారు. "అలాంటిదే మేడమ్" అన్నాం. పూర్తిగా అబద్ధం కాదు కదా.

మేం ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్. తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్తాను. ఒకరు కథ నడుపుతారు, వాళ్లని డంజన్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని "నేను తలుపు తీస్తాను", "నేను రాక్షసుడి కాలు మీద కొడతాను" అని చెప్తూ ఉంటారు. అది జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో దీన్ని బయటికి తెచ్చారు. మా హాస్టల్‌కి తెచ్చింది థర్డ్ ఇయర్ అక్క. ఆవిడే మా డంజన్ మాస్టర్.

ఆడగా ఆడగా అసలు పేర్లు పోయి పాత్రల పేర్లే మిగిలాయి. కత్తి పట్టుకునే ఫైటర్ పేరు గండభేరుండ, పిలిచేది గండ. ఏదో దెయ్యంతో ఒప్పందం పెట్టుకుని శక్తి తెచ్చుకున్న వార్‌లాక్ పేరు మొక్కుబడి. పుస్తకం చదివి మంత్రం వేసే విజార్డ్ సిద్ధాంతి, అది మా రూమ్మేట్. నేను క్లెరిక్. దెబ్బలు తగిలినవాళ్లని బాగుచేయడం నా పని. మంత్రమూ ఉంది, వైద్యమూ ఉంది కదా అని మంత్రసాని అని పేరు పెట్టుకున్నాను. ఫోన్లో చెప్తే మా అమ్మమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇక చింతపిక్కల సంగతి. మంత్రం వేసేవాళ్లకి రోజుకి ఇన్ని అని స్పెల్ స్లాట్లు ఉంటాయి. మంత్రం వేస్తే ఒక స్లాట్ ఖర్చు. అయిపోతే అయిపోయినట్టే, నిద్రపోయి లేచేదాకా మళ్లీ రావు. పేపర్ మీద రాసి కొట్టేస్తూ ఉంటే షీటు చిరిగిపోతోందని నేను ఇంటినుంచి చింతపిక్కలు తెచ్చాను. (సిద్ధాంతిది నిజామాబాద్ వైపు. అది చింతగింజలు అంటుంది. మొదటి వారం మేం ఆడినదాని కంటే దీనిమీద వాదించుకున్నదే ఎక్కువ.) మామూలు పిక్క ఒకటో లెవెల్ స్లాట్. ఒకవైపు గచ్చు మీద అరగదీసి తెల్లగా చేసిన పిక్క రెండో లెవెల్ స్లాట్. మూడో లెవెల్ క్లెరిక్‌కి నాలుగు మామూలువి, రెండు అరగదీసినవి. మొత్తం ఆరు. వాడగానే డబ్బాలో పడేయాలి. టంగుమని శబ్దం వస్తుంది. ఆ శబ్దం వింటే నాకు ప్రాణం పోయినట్టుండేది.

ఎందుకంటే నేను పుట్టుకతోనే దాచుకునే మనిషిని. మా ఇంట్లో కొత్త దుప్పటి చుట్టాల కోసం బీరువాలో ఉంటుంది, చుట్టాలొస్తే పాతది ఉతికి వేస్తారు. ఆ ఇంట్లో పెరిగినదాన్ని మంత్రాలు మాత్రం ఎలా ఖర్చుపెడతాను?

మొదటి నెల సంగతి. అప్పటికి మేం రెండో లెవెల్. నాకు మూడే పిక్కలు, ఒకటి వాడేశాను. పాడుబడ్డ వంతెన కింద గాబ్లిన్లతో కొట్లాట. గండ హిట్ పాయింట్లు సున్నా అయ్యాయి, పడిపోయింది. సున్నా అయినంత మాత్రాన చచ్చిపోరు. తన వంతు వచ్చినప్పుడల్లా పాచిక వేయాలి. పది లేదా అంతకంటే ఎక్కువ పడితే ఒక మంచి మార్కు, తక్కువ పడితే ఒక చెడ్డ మార్కు. మూడు మంచివి ముందొస్తే ప్రాణం నిలబడుతుంది, మూడు చెడ్డవి ముందొస్తే పోతుంది. గండకి ఏడు పడింది. ఒక చెడ్డ మార్కు. నా వంతొచ్చింది. హీలింగ్ వర్డ్ అని చిన్న మంత్రం ఉంది, అరవై అడుగుల దూరం నుంచే ఒక్క మాటతో లేపొచ్చు. పైగా ఆ మాట అనేసి అదే వంతులో గద కూడా ఊపొచ్చు. నేను లెక్కలు వేశాను. ఇంకా రెండు చెడ్డ మార్కులకి టైముంది, వచ్చే గదిలో వీళ్ల నాయకుడు ఉంటాడేమో, అప్పుడు పనికొస్తుంది. గాబ్లిన్‌ని గదతో కొట్టాను. అదీ తగల్లేదు.

తర్వాత గండ వేసిన పాచిక మీద ఒకటి పడింది. ఒకటి పడితే రెండు చెడ్డ మార్కుల కింద లెక్క.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నెమ్మదిగా గండ అడిగింది, "నీ దగ్గర ఎన్ని పిక్కలున్నాయే?"

"రెండు."

"పాతిపెట్టుకో. చెట్టు మొలుస్తుంది."

వచ్చే శనివారానికి అది కొత్త షీటు రాసుకొచ్చింది. గండకి తమ్ముడట, పేరు చిన్న గండ. అదే కత్తి. కానీ ఆ పాత షీటు ఇప్పటికీ దాని బీరువా తలుపు లోపలివైపు అతికించి ఉంది. నా వంక చూడాలనుకున్నప్పుడల్లా ఆ తలుపు తీస్తుంది.

సిద్ధాంతిది పూర్తిగా నాకు ఎదురు. రెండు ఎలుకలు కనిపిస్తే చాలు, చేతుల్లోంచి మంటలు వదిలేది. మొదటి గదిలోనే డబ్బా టంగుటంగుమని మోగేది. అన్నీ అయ్యాక "ఇగ పండుకుందాం" అనేది. అక్క వాచీ చూసుకున్నట్టు నటించి "నిద్ర లేచి గంటయింది తల్లీ. ఆటలో టైము పొద్దున్న తొమ్మిది" అనేది. రూలు ప్రకారం పూర్తి విశ్రాంతి, అంటే లాంగ్ రెస్ట్, ఎనిమిది గంటలు. అందులో కనీసం ఆరు గంటలు నిద్ర ఉండాలి, కావలి కాయడం లాంటివి రెండు గంటలు మించకూడదు. 24 గంటల్లో ఒక్కసారే దాని ఫలితం దక్కుతుంది. పడుకుంటానంటే ఎవరూ ఆపరు, ఉత్తి పడకే అవుతుంది.

రెండోది షార్ట్ రెస్ట్. ఒక గంట కూర్చుని కట్లు కట్టుకోవడం, నీళ్లు తాగడం. దీనివల్ల మొక్కుబడి లాంటి వార్‌లాక్‌కి మంత్రాలన్నీ తిరిగొచ్చేస్తాయి. చిన్న గండకి కూడా కొన్ని బలాలు తిరిగొస్తాయి. నాకూ సిద్ధాంతికీ దాదాపు ఏమీ రావు. (విజార్డ్ రోజుకొకసారి ఆ గంటలో పుస్తకం తిరగేసి కొంత తెచ్చుకోవచ్చు. సిద్ధాంతి అది మర్చిపోతూనే ఉండేది.) దాంతో ప్రతి కొట్లాట తర్వాతా ఇదే గొడవ. "అక్కా, ఒక గంట కూర్చుందామా?" అని మొక్కుబడి. "కూసుంటే ఏమొస్తది, నడువుర్రి" అని సిద్ధాంతి. ఒకే గుంపు, కానీ ఎవరి అలసట వాళ్లది, ఎవరు తేరుకునే వేళ వాళ్లది. ఈ గొడవ ఆటలో పొరపాటున వచ్చింది కాదని, తయారు చేసినవాళ్లు కావాలనే పెట్టారనుకుంటానని అక్క అంటుంది.

అక్కకి చరిత్ర పిచ్చి. నిజానికి ఈ మరిచిపోయే మంత్రాల ఆలోచన జాక్ వాన్స్ అనే రచయిత కథల్లోంచి వచ్చిందట. 1950లో వచ్చిన 'ది డయింగ్ ఎర్త్' అనే పుస్తకంలో మాంత్రికుడు కొన్ని మంత్రాలే బుర్రలో పట్టించుకోగలడు, వేయగానే అది బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోతుంది. నా మ్యాథ్స్ ఫార్ములాలకి సరిగ్గా ఇదే జరుగుతుంది. పాత రోజుల్లో రూల్స్ మరీ మొరటు. 1981 నాటి పుస్తకంలో గుహలో తిరిగేవాళ్లు ప్రతి గంటలో పది నిమిషాలు ఆగి తీరాలి, లేకపోతే దెబ్బలు సరిగ్గా కొట్టలేరు. 1970ల చివరి పుస్తకాల్లో అయితే రోజంతా పడుకుంటే తిరిగొచ్చేది ఒక్క హిట్ పాయింట్. కత్తిదెబ్బ తిన్నవాడు వారాల తరబడి మంచం మీదే. షార్ట్ రెస్ట్ అన్న మాట 2008 నాటి నాలుగో ఎడిషన్‌తో వచ్చింది, అప్పుడది అయిదు నిమిషాలే. 2014 నాటి అయిదో ఎడిషన్లో గంట అయింది. మేం ఆడేది ఈ అయిదోదే.

ఆ ఎడిషన్ డంజన్ మాస్టర్ పుస్తకంలో ఒక లెక్క ఉంది. రెండు లాంగ్ రెస్ట్‌ల మధ్య ఆరు నుంచి ఎనిమిది ఓ మోస్తరు కొట్లాటలు, మధ్యలో రెండు షార్ట్ రెస్ట్‌లు తట్టుకోగలగాలని. మాకు శనివారం దొరికేది మూడు గంటలు. అందులో ఒక అరగంట మ్యాగీకి. రెండు కొట్లాటలు అయ్యేసరికి పన్నెండు. మొదట్లో సెషన్ అయిపోతే రాత్రి పడుకున్నట్టే అనుకుని వచ్చే వారం అందరం కొత్త పిక్కలతో మొదలుపెట్టేవాళ్లం. అందుకే సిద్ధాంతి మంటలు పెట్టి మహారాణిలా తిరిగేది, మొక్కుబడి ఏడ్చేది. నాలుగో వారం అక్క కొత్త రూలు పెట్టింది. మన గడియారానికీ వాళ్ల గడియారానికీ సంబంధం లేదు. శనివారం ఎక్కడ ఆపితే వచ్చే శనివారం అక్కడే. డబ్బా మూత పెట్టి, మిగిలిన పిక్కలు ఎవరివి వాళ్ల కవర్లో వేసి పేరు రాసి అక్క తన ట్రంకుపెట్టెలో పెట్టేది.

ఆ రూలుతో ఆట మారిపోయింది. సోమవారం ల్యాబ్‌లో కూర్చుని కూడా నా దగ్గర రెండే ఉన్నాయి అని గుర్తొచ్చేది. కాగడా గంటసేపే వెలుగుతుంది, ఎన్ని ఉన్నాయి? తిండి ఎన్ని రోజులకుంది? రెండు లీవ్-ఇన్ కోటలు, మూడు గుహలు గడిచేసరికి నేనూ కాస్త మారాను. పడిపోయినవాళ్లని వెంటనే లేపడం నేర్చుకున్నాను. నిండుగా ఉన్నవాళ్లకి మంత్రం వేయకూడదని, గంట కూర్చుంటే హిట్ డైస్‌తో మానే గాయానికి పిక్క ఖర్చుపెట్టకూడదనీ నేర్చుకున్నాను.

హిట్ డైస్ గురించి చెప్పాలి. ఇదే అసలైనది. ప్రతి పాత్రకీ లెవెల్‌కి ఒకటి చొప్పున హిట్ డైస్ ఉంటాయి. షార్ట్ రెస్ట్‌లో వాటిని వేసి, పడినన్ని హిట్ పాయింట్లు తిరిగి తెచ్చుకోవచ్చు. ఒంట్లో దాచుకున్న ఓపిక అనుకోండి. లాంగ్ రెస్ట్ చేస్తే హిట్ పాయింట్లు మొత్తం నిండుతాయి. కానీ హిట్ డైస్ సగమే తిరిగొస్తాయి, అదీ కిందికి సవరించి. అంటే మూడో లెవెల్లో మూడూ ఖర్చుపెట్టినవాడు ఒక రాత్రి పడుకుని లేస్తే పైకి చూడ్డానికి పూర్తిగా బాగుంటాడు, లోపల మాత్రం ఒక్కటే ఉంటుంది. షీటు చేతిలోకి తీసుకుని చూస్తే తప్ప ఆ సంగతి పక్కవాళ్లకి తెలీదు.

అక్టోబరులో మేం కొండ కింద పాడుబడ్డ గనిలోకి దిగాం. లోపల ఒక ఊరివాళ్లు బందీలుగా ఉన్నారు, రోజులు లెక్క. సిద్ధాంతి ఆటతీరు మారింది. మంటలు వేయడం మానేసింది. "ఉంచుతున్న" అనేది. మేం పొదుపు నేర్చుకుందని సంతోషించాం. ఇంకోటి, రాత్రి బస చేసినప్పుడల్లా కావలి తనే ఉంటానంది. రెండు వంతులూ తనే. అక్క రూలు చెప్పింది. నాలుగు గంటలు కాపలా కాస్తే అది లాంగ్ రెస్ట్ కాదు, నీకు ఏమీ తిరిగిరావు. "పర్లేదక్కా. ఎవలో ఒకలు ఉండాలె గదా" అంది. రెండో రాత్రీ అంతే. 2017లో వచ్చిన ఇంకో పుస్తకంలో దీనికి రూలుంది. 24 గంటలు లాంగ్ రెస్ట్ లేకుండా గడిస్తే పాచిక వేసి కనీసం పది తెచ్చుకోవాలి, లేకపోతే ఒక మెట్టు ఎగ్జాషన్. ప్రతి 24 గంటలకీ తెచ్చుకోవాల్సిన అంకె అయిదు పెరుగుతుంది. ఎగ్జాషన్‌కి ఆరు మెట్లు. మొదటి మెట్టులో చిన్న చిన్న పనులు తడబడతాయి. రెండో దాంట్లో నడక సగమవుతుంది. ఆరోది చావు. సిద్ధాంతి పాచిక వేసింది. నాలుగు. ఇంకో రాత్రి, తొమ్మిది. అక్క దాని షీటు మీద రెండు గీతలు గీసింది. అది వాటివంక చూడను కూడా లేదు.

మా రూములో దాని మంచం నా మంచానికి మూడడుగులు. దానికి ఎం-వన్, ఎం-టూ రెండూ బ్యాక్‌లాగ్. రాత్రి మూడింటికి మెలకువొస్తే దుప్పటి కింద ఫోను వెలుతురు కనిపించేది. పొద్దున్న అడిగితే "నిద్ర వస్తలేదే, అంతే. మంచిగనే ఉన్న" అనేది. టిఫిన్‌కి రావడం మానేసింది. నేను గమనించలేదని చెప్తే అబద్ధం. అన్నీ గమనించాను. నాకూ మిడ్స్ ఉన్నాయి. కూర్చోబెట్టి మాట్లాడాలంటే ఒక సాయంత్రం పోతుంది, పరీక్షలయ్యాక తీరిగ్గా మాట్లాడదాం అనుకున్నాను. వంతెన కింద వేసిన లెక్కే మళ్లీ వేశాను, ఈసారి పిక్కలు లేకుండా.

నవంబరు రెండో వారంలో ఒక రాత్రి లేచేసరికి మంచం ఖాళీ. వరండా చివర వాటర్ కూలర్ పక్కన నేలమీద కూర్చుని ఉంది. ఒళ్లో నోట్సు. తలకిందులుగా ఉంది. "అక్షరాలు కనిపిస్తలేవే" అంది. ఏడవట్లేదు, చేతులు మాత్రం ఆగకుండా వణుకుతున్నాయి. నీళ్లు పట్టించి పక్కనే కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియలేదు. నెలరోజులుగా దాచుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు. అయిదింటికి అక్కకి ఫోన్ చేశాను. అక్క వచ్చి ముందు వార్డెన్ మేడమ్‌ని లేపింది, తర్వాత వాళ్ల నాన్నకి చేసింది. మధ్యాహ్నానికి ఆయన బస్సు దిగి వచ్చారు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. దాని బకెట్టు, మగ్గు కూడా సంచిలో సర్దుకుంటుంటే "అవి ఉండనివ్వండి అంకుల్, మళ్లీ వస్తుంది కదా" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, మగ్గు బయటపెట్టారు.

డాక్టరు ఆ సెమిస్టర్ వద్దన్నారు.

రెండు శనివారాలు ఆడలేదు. మూడో వారం అక్క షీట్లన్నీ తీసి "సిద్ధాంతిని ఏం చేద్దాం?" అంది. ఆటల్లో ఎవరైనా మానేస్తే ఆ పాత్రని చంపేయడమో, డంజన్ మాస్టరే నడపడమో చేస్తారు. మొక్కుబడి ఒప్పుకోలేదు. అది గనిలో ఎలా ఉండగలదు, రెండు గీతలున్నాయి, ముందు బయటికి తీసుకెళ్లాలి అంది. బందీల సంగతేంటి, రోజులు లెక్క కదా అని నేనే అన్నాను. అనకుండా ఉండాల్సింది. చిన్న గండ నావైపు చూసింది. బీరువా తలుపు తీయలేదు గానీ తీసినట్టే.

వెనక్కి నడిచాం. కొండ దిగువ ఊళ్లో ఒక సత్రం ఉందని అక్క అప్పటికప్పుడు కల్పించింది. సత్రం ముసలమ్మకి మా దగ్గరున్న బంగారు నాణేల్లో సగం ఇచ్చి, దానికి కిటికీ ఉన్న గది తీసుకున్నాం. ఎగ్జాషన్ ఒక లాంగ్ రెస్ట్‌కి ఒక మెట్టే తగ్గుతుంది, అదీ తిండీ నీళ్లూ సరిగ్గా తీసుకుంటేనే. తర్వాత ముగ్గురం గనికి తిరిగి వెళ్లాం. ఆ ఆలస్యానికి అక్క మమ్మల్ని క్షమించలేదు. బందీల్లో ఇద్దరు అప్పటికే లేరు. విజార్డ్ లేకుండా ప్రతి కొట్లాటా నా పిక్కల మీదే పడింది, చాలాసార్లు డబ్బా నిండిపోయింది. నాకు ఆ శబ్దం అలవాటైపోయింది.

జనవరి చివర్లో సిద్ధాంతి ఫోన్ చేసి శనివారం వీడియోలో కూర్చుంటానంది. ఫోన్‌ని స్టీలు గ్లాసుకి ఆనించి చాప మీద పెట్టాం. కాస్త ఒళ్లు చేసింది. మొదటి మాట, "నా గింజలున్నయా?"

"కవర్లోనే ఉన్నాయి. ఆరూ."

"పిక్కలు అనకుండ మంచిగ చెప్పినవ్."

ఎలా ఉన్నావని ఎవరూ అడగట్లేదు, అందరికీ అదే అడగాలనుంది. చివరికి అదే అంది. "హిట్ పాయింట్లు ఫుల్లే. అమ్మ రోజూ తినవెడుతుంది. హిట్ డైస్ అయితే ఇంక రాలే. ఒకటొచ్చింది."

"ఒకటొచ్చిందా?" అన్నాను.

"ఆ. వచ్చింది." కాసేపాగి, "2024 బుక్కుల రూల్ మార్చిర్రంట గదక్కా, ఒక్క రాత్రికే అన్నీ వస్తయంట?"

"మార్చారు" అంది అక్క. "మనం పాతదే ఆడుతున్నాం."

"తెలుసు తియ్యి."

సిద్ధాంతి సత్రంలోంచి బయల్దేరి గని ముందు మమ్మల్ని కలిసింది. మొదటి మలుపులోనే నాలుగు గబ్బిలాల్లాంటివి మీద పడ్డాయి. అది మంటలు వేసింది. దాని తరఫున పిక్క నేను తీసి డబ్బాలో వేశాను, శబ్దం ఫోనుకి వినిపించేలా కొంచెం ఎత్తునుంచి. కొట్లాట అయ్యాక అందరం మామూలుగా మొక్కుబడి వైపు చూశాం. ఈసారి ఫోన్లోంచి వినిపించింది.

"అక్కా, ఒక గంట కూసుందామా?"

"కూర్చోండి" అంది అక్క. "ఎవరైనా హిట్ డైస్ వేస్తారా?"

ఎవరూ వేయలేదు. ఎవరికీ పెద్ద దెబ్బలు లేవు. చిన్న గండ మ్యాగీ పెట్టడానికి లేచింది. ఫోన్లో వెనకనుంచి వాళ్లమ్మ గొంతు, పదకొండు కావస్తోంది, పడుకోమని. ఆ గంట పూర్తి కాకుండానే డబ్బా మూత పెట్టేశాం.